బంతి మన దగ్గరే ఉంచుకోవాలా, పోయిన వెంటనే మీద పడాలా?

సాగర్_6

అందరికీ నమస్కారం. 2025 మే 31న మ్యూనిక్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌ను ఈ మధ్య మొదటి నుంచి మళ్లీ చూశాను. పారిస్ సెయింట్ జెర్మెయిన్ 5-0తో ఇంటర్ మిలాన్‌ను ఓడించిన ఆ మ్యాచ్‌లో గోల్స్ కంటే నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఉస్మాన్ డెంబెలే నిలబడిన తీరు. ఇంటర్ గోల్‌కీపర్ యాన్ సోమర్ గోల్‌కిక్ కోసం బంతిని నేల మీద పెడుతుంటే, డెంబెలే పెనాల్టీ బాక్స్ గీత దగ్గర నడుము వంచి, పరుగుపందెంలో తుపాకీ చప్పుడు కోసం కాచుకున్నవాడిలా నిలబడ్డాడు.

నా సందేహం ఇది. ఆ జట్టు బంతిని వదలని జట్టు. విటిన్హా, జువావో నెవెస్, ఫాబియన్ రూయిజ్ ముగ్గురూ తమలో తాము బంతిని తిప్పుకుంటూ ఎదుటివాళ్లను అలవగొడతారు. బంతిని దగ్గర ఉంచుకోవడంలో ఉన్న లాభమే విశ్రాంతి అని మనం ఎప్పటినుంచో అనుకుంటున్నాం. అలాంటప్పుడు అదే జట్టు, బంతి పోయిన ప్రతిసారీ ఎదుటివాళ్ల పెనాల్టీ బాక్స్ దాకా పరిగెత్తి ప్రెస్ చేయడం, అంటే బంతి ఉన్నవాడి మీద పడి లాక్కోవడం, రెండు పడవల మీద కాళ్లు పెట్టడం కాదా? దాదాపు ఆరు వారాల తర్వాత క్లబ్ వరల్డ్ కప్ ఫైనల్లో చెల్సీ చేతిలో అదే జట్టు 3-0తో ఓడిపోయింది కదా, అప్పుడు ఏ పడవ జారింది?

గ్రౌండ్ మాస్టారు

సాగర్ గారూ, ప్రశ్న బాగుంది కాని అందులోని విభజనే సరైనది కాదని నా అభిప్రాయం. బంతిని ఉంచుకోవడం ఒక పని, ప్రెస్ చేయడం మరో పని, రెండింటినీ తూకం వేసి చెరిసగం చేయాలి అని మీరు అనుకుంటున్నారు. నేను పిల్లలకు శిక్షణ ఇచ్చే ఇన్నేళ్లలో గమనించింది ఏమిటంటే, పాస్‌లు ఇచ్చుకుంటూ పైకి వెళ్లే పద్ధతిలోనే ప్రెసింగ్‌కు కావలసిన సరంజామా అంతా సిద్ధమవుతుంది.

పెప్ గార్డియోలా బాయర్న్ మ్యూనిక్ కోచ్‌గా ఉన్న రోజుల్లో ఒక మాట తరచుగా చెప్పేవాడు: దాడిని సరిగా నిర్మించాలంటే ముందుగా కనీసం 15 పాస్‌లు ఉండాలని. చాలామంది దీన్ని ప్రత్యర్థిని విసిగించడానికి చెప్పిన మాటగా తీసుకుంటారు. అసలు ఉద్దేశం వేరు. ఆ 15 పాస్‌లు జరిగేలోపు డిఫెండర్లు మధ్య గీత దాకా వచ్చేస్తారు, ఫుల్‌బ్యాక్‌లు (రెండు అంచుల్లో ఆడే డిఫెండర్లు) లోపలికి జరుగుతారు, జట్టు మొత్తం ఒక గుంపుగా ఎదుటివాళ్ల సగంలోకి చేరుతుంది. అప్పుడు బంతి పోతే, పోయిన చోటికి నాలుగైదు మీటర్ల దూరంలోనే మనవాళ్లు ముగ్గురు ఉంటారు. ఇక వాళ్లు పరిగెత్తాల్సింది 40 మీటర్లు కాదు, నాలుగు మీటర్లు. మీరు శ్రమ అనుకుంటున్నది నిజానికి చాలా చిన్న పరుగు.

మైదానం పొడవు 105 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు. మన చివరి డిఫెండర్‌కూ ముందున్న ఫార్వర్డ్‌కూ మధ్య 50 మీటర్ల దూరం ఉంటే పదిమంది కలిసి 3,400 చదరపు మీటర్లను కాయాలి. ఆ దూరాన్ని 25 మీటర్లకు తగ్గిస్తే 1,700 సరిపోతుంది. అరిగో సాకీ శిక్షణలోని ఏసీ మిలాన్ జట్టు 1989లోనూ 1990లోనూ యూరోపియన్ కప్ గెలిచిన కాలంలో అతను పట్టుబట్టింది ఈ దూరం గురించే. ఆ జట్టుకు గార్డియోలా జట్ల తరహా పాస్‌ల పిచ్చి లేదు. కాని ఈ లెక్కలో మాత్రం ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నారు.

ఆన్‌ఫీల్డ్ అభిమాని

మాస్టారూ, మీరు చెప్పింది బంతి ముందుగా మన దగ్గర ఉన్న సందర్భానికి వర్తిస్తుంది. కాని ప్రెసింగ్ అనేది పొసెషన్‌కు (బంతి మన దగ్గర ఉండడానికి) తోక అన్నట్టు మాట్లాడడం నాకు మింగుడు పడడం లేదు. లివర్‌పూల్ కోచ్‌గా పనిచేసిన యుర్గెన్ క్లాప్ జట్లు దీన్ని తిరగేసి చూపించాయి. ఎదుటివాడి దగ్గరినుంచి బంతిని లాక్కున్న క్షణంలోనే వాడి జట్టు అస్తవ్యస్తంగా ఉంటుంది, కాబట్టి ఎంత గొప్ప ప్లేమేకర్ ఇచ్చే పాస్ అయినా ఆ అవకాశం ముందు తక్కువే అన్నది అతని వాదన.

2018 ఏప్రిల్ 4న ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్లో లివర్‌పూల్ మొదటి 31 నిమిషాల్లోనే గార్డియోలా మాంచెస్టర్ సిటీ మీద మూడు గోల్స్ కొట్టింది: సలా, ఆక్స్‌లేడ్-చాంబర్లేన్, మానే. బంతి ఎక్కువ సేపు సిటీ దగ్గరే ఉంది. ఉన్నందువల్ల వాళ్లకు ఒరిగింది ఏమీ లేదు. అంతకు మూడు నెలల ముందు జనవరిలో లీగ్‌లో ఆ సీజన్‌లో సిటీకి మొదటి ఓటమి రుచి చూపించింది కూడా 4-3తో ఇదే లివర్‌పూల్.

గ్రౌండ్ మాస్టారు

కాదనను. మరి అదే క్లాప్ 2019-20లో 99 పాయింట్లతో ప్రీమియర్ లీగ్ గెలిచిన వెంటనే బాయర్న్ నుంచి పాస్‌ల నేర్పరి తియాగోను ఎందుకు తెచ్చుకున్నాడో కూడా చెప్పండి. బంతిని లాక్కోవడం తెలిసిన మిడ్‌ఫీల్డర్లు అతనికి అప్పటికే పుష్కలంగా ఉన్నారు. తన మీద పడే జట్లకంటే తన గోల్ ముందు గోడ కట్టుకుని కూర్చునే జట్లే ఎక్కువైపోయాయి. లాక్కోవడానికి ఎదుటివాడి దగ్గర అసలు బంతి ఉండాలి కదా!

ఆన్‌ఫీల్డ్ అభిమాని

ఆ ఒక్క విషయంలో మీతో ఏకీభవిస్తాను. తియాగో గాయాలతో ఎక్కువ మ్యాచ్‌లు ఆడలేకపోయాడు గానీ, ఆడిన రోజుల్లో ఆ లోటు ఎలా తీరిందో కళ్లారా చూశాను.

అంకెల ఆనంద్

పొసెషన్ శాతం చూసి ఎవరు ఆధిపత్యం చెలాయించారో తేల్చడం మానుకుంటే మన చర్చ సగం తేలికపడుతుంది. 2018 ప్రపంచ కప్‌లో రష్యా మీద స్పెయిన్ వెయ్యికి పైగా పాస్‌లు ఇచ్చి, 1-1తో ఆగి, పెనాల్టీల్లో ఓడిపోయింది. 2022లో మొరాకో మీద ఒక్క గోల్ కూడా లేకుండా మళ్లీ అదే కథ. ఆ ప్రపంచ కప్‌లోనే జపాన్ చేతిలో స్పెయిన్ 2-1తో ఓడినప్పుడు జపాన్ దగ్గర బంతి ఉన్నది 18 శాతం సమయమే. అయితే జపాన్ ఆ 90 నిమిషాలూ వెనక్కి కూర్చుందనుకుంటే పొరపాటు. రెండో సగం మొదలవగానే ఒక్కసారిగా ముందుకు వచ్చి స్పెయిన్ గోల్‌కీపర్ మీదా డిఫెండర్ల మీదా పడింది. 48వ నిమిషంలో రిట్సు దోవాన్ గోల్, 51వ నిమిషంలో ఆవో తనాకా గోల్, ఆ తర్వాత మళ్లీ వెనక్కి వెళ్లి గోల్ ముందు గుడారం. అంటే ప్రెసింగ్‌ను రోజంతా కాల్చే పొయ్యిలా కాకుండా టపాకాయలా వాడుకున్నారు.

ఇక ప్రెసింగ్‌ను కొలవడానికి వాడే లెక్క ఒకటుంది, దాన్ని పీపీడీఏ అంటారు. ప్రత్యర్థి తన వైపు మైదానంలో ఇచ్చుకున్న పాస్‌ల సంఖ్యను, ఆ ప్రాంతంలో మనం చేసిన ట్యాకిల్స్, ఇంటర్‌సెప్షన్లు, ఫౌళ్లు వగైరాల మొత్తంతో భాగించాలి. సంఖ్య తక్కువ వస్తే ప్రెసింగ్ గట్టిగా ఉన్నట్టు. ఈ లెక్కను గుడ్డిగా నమ్మకండి. ప్రత్యర్థి భయపడి మొదటి పాస్‌కే బంతిని గాల్లోకి తన్నేస్తే మన సంఖ్య ఒకలా వస్తుంది, ధైర్యంగా పాస్‌లు ఆడితే మరోలా వస్తుంది. రెండు మ్యాచ్‌ల్లోనూ మనం చేసిన పని ఒకటే అయి ఉండవచ్చు.

వింగర్ వేణు

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఒక్కటే. స్పెయిన్ అభిమానిగా ఉండడం ఆరోగ్యానికి మంచిది కాదు.

అంకెల ఆనంద్

వేణు తమ్ముడూ, 2010 సంగతి కూడా గుర్తుంచుకో. ప్రపంచ కప్ గెలవడానికి స్పెయిన్ ఏడు మ్యాచ్‌ల్లో కొట్టింది ఎనిమిది గోల్స్. నాకౌట్ దశలో నాలుగు మ్యాచ్‌లూ 1-0. బంతిని దగ్గర ఉంచుకోవడాన్ని వాళ్లు ముఖ్యంగా రక్షణ కోసం వాడారు, దాడి కోసం కాదు. ఎదుటివాడికి బంతి ఇవ్వకపోతే వాడు గోల్ ఎలా కొడతాడన్నది ఆ లెక్క.

ఎడిసన్ కిరణ్

చెల్సీ పారిస్‌ను ఓడించిన రోజు నేను న్యూజెర్సీలోని మెట్‌లైఫ్ స్టేడియంలోనే ఉన్నాను కాబట్టి సాగర్ గారి రెండో ప్రశ్నకు నేను చూసింది రాస్తాను. 2025 జూలై 13, మధ్యాహ్నం 3 గంటలకు మ్యాచ్. నా సీటు బాగా పైన, పారిస్ ఎడమ వైపు డిఫెన్స్‌కు దాదాపు నెత్తిమీద. టీవీలో కెమెరా బంతి వెంటే తిరుగుతుంది కాబట్టి ఈ విషయం అంత స్పష్టంగా తెలియదు గాని, పైనుంచి చూస్తుంటే ఆ వైపు డిఫెండర్ నునో మెండెస్ ముందుకు వెళ్లిన ప్రతిసారీ అతని వెనుక ఎవరూ లేని ఒక పొలం లాంటి ఖాళీ కనిపించేది.

చెల్సీ మొదటి పది నిమిషాలు పారిస్ ఆటగాళ్ల మీద ఒకరికి ఒకరు చొప్పున పడింది. పారిస్ తన సహజమైన లయ అందుకోలేకపోయింది. ఆ తర్వాత చెల్సీ చేసిన పని చాలా సాదా. పారిస్ ప్రెస్ చేయడానికి పైకి వచ్చినప్పుడు గోల్‌కీపర్ రాబర్ట్ సాంచెజ్ చిన్న పాస్ ఆడకుండా, కుడివైపు మాలో గుస్తో పరిగెత్తే దారిలోకి పొడవాటి బంతి వేశాడు. మెండెస్ దాన్ని అంచనా వేయడంలో తప్పాడు. గుస్తో కొట్టిన షాట్ ఒక డిఫెండర్‌కు తగిలి తిరిగి అతని దగ్గరికే వచ్చింది, అతను దాన్ని కోల్ పామర్‌కు ఇచ్చాడు. 22వ నిమిషంలో గోల్. 30వ నిమిషంలో రెండోది కూడా అటువైపే, కోల్విల్ వేసిన పొడవాటి బంతితో మొదలై పామర్ ఎడమకాలితో ముగిసింది. 43వ నిమిషంలో పామర్ ఇచ్చిన పాస్‌తో జువావో పెడ్రో మూడోది కొట్టేసరికి నా చుట్టూ ఉన్న పారిస్ అభిమానులు నీళ్ల సీసాల కోసం లేచి వెళ్లిపోయారు.

బంతి ఎక్కువ సేపు పారిస్ దగ్గరే ఉందని మరచిపోకండి. పొసెషన్ పడవా జారలేదు, ప్రెసింగ్ పడవా జారలేదు. ప్రెస్ చేసే తొలి వరుసను ఒకే తన్నుతో దాటగలిగితే, ఆ వరుస వెనుక ఉన్నవాళ్లంతా ప్రేక్షకులైపోతారు. వాళ్లు అంత పైకి వచ్చి నిలబడడం అలవాటు చేసుకున్నది మళ్లీ మాస్టారు చెప్పిన ఆ దూరం తగ్గించడం కోసమే.

సాగర్_6

కిరణ్ గారూ, ఇంత దగ్గరినుంచి చూసి రాసినందుకు కృతజ్ఞతలు. అయితే ఇక్కడ ఇంకో చిక్కు వస్తోంది. ప్రెసింగ్‌కు విరుగుడు పొడవాటి బంతి అయితే, అందరూ వెనుకనుంచి చిన్న పాస్‌లతో ఎందుకు ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారు? సొంత పెనాల్టీ బాక్స్‌లో గోల్‌కీపర్ పక్కవాడికి రెండు గజాల పాస్ ఇవ్వడం చూస్తుంటే నాకు గుండె దడ వస్తుంది.

గ్రౌండ్ మాస్టారు

దడ రావాలనే వాళ్లు అలా ఆడుతున్నారు, సాగర్ గారూ. మీకు కాదు, ఎదుటి ఫార్వర్డ్‌కు ఆశ పుట్టాలని.

2019 దాకా గోల్‌కిక్ తీసుకుంటే బంతి పెనాల్టీ బాక్స్ దాటి బయటికి వచ్చాకే మన డిఫెండర్ ముట్టుకోవాలి. ఆ ఏడాది నిబంధన మార్చారు. ఇప్పుడు బంతి కదిలితే చాలు, బాక్స్ లోపలే అందుకోవచ్చు, ప్రత్యర్థి మాత్రం బంతి కదిలేదాకా బయటే నిలబడాలి. డెంబెలే గీత దగ్గర వంగి నిలబడడం ఈ మార్పు తెచ్చిన దృశ్యమే. పాత నిబంధన ఉన్న కాలంలో అక్కడ నిలబడి కాచుకోవలసిన అవసరం అంతగా ఉండేది కాదు. అంతకుముందు 1992లో, సొంత ఆటగాడు కావాలని కాలితో ఇచ్చిన పాస్‌ను గోల్‌కీపర్ చేతితో పట్టుకోకూడదన్న నిబంధన వచ్చింది. ఆటను ఈ వైపు తోసిన మొదటి పెద్ద తోపు అది. ఆ నిబంధన లేకపోతే ఒక ఫార్వర్డ్ గోల్‌కీపర్ మీదికి పరిగెత్తడంలో అర్థమే లేదు.

ఇక చిన్న పాస్‌ల సంగతి. రాబర్టో డె జెర్బీ శిక్షణలో బ్రైటన్ 2022-23లో ప్రీమియర్ లీగ్‌లో ఆరో స్థానంలో నిలిచింది. వాళ్ల సెంటర్‌బ్యాక్ (నడుమ ఆడే డిఫెండర్) బంతి మీద అరికాలు పెట్టి ఊరికే నిలబడేవాడు. ఒక సెకను, రెండు సెకన్లు, మూడు. పాస్ ఇవ్వడు, కదలడు. ప్రేక్షకులు అరుస్తారు. ఎదుటి ఫార్వర్డ్ ఓపిక నశించి మీదికి వచ్చిన క్షణంలో, అతను వదిలి వచ్చిన చోటు ఖాళీ అవుతుంది, బంతి ఆ ఖాళీలోకి వెళ్తుంది. గాలానికి ఎర కట్టి చేప కోసం కూర్చున్నట్టే. పొడవాటి బంతి తన్నితే ఆ చేప రాదు.

గాలంలో చేప పడకుండా గాలాన్నే లాక్కుపోయిన రోజులు కూడా ఉన్నాయి, అది ఒప్పుకోవాలి.

ఆన్‌ఫీల్డ్ అభిమాని

లాక్కుపోయిన రోజుకు 2024 మే 22, డబ్లిన్ కంటే మంచి ఉదాహరణ లేదు. షాబీ అలోన్సో శిక్షణలోని లెవర్‌కూసెన్ ఒక్క ఓటమి కూడా లేకుండా బుండెస్‌లీగా గెలిచి, అన్ని పోటీల్లో కలిపి 51 మ్యాచ్‌ల పాటు ఓటమి ఎరుగకుండా యూరోపా లీగ్ ఫైనల్‌కు వచ్చింది. గాస్పెరీని శిక్షణలోని అటలాంటా జట్టు మైదానమంతటా ఒక్కో ఆటగాడి వెంట ఒక్కో ఆటగాడిని నీడలా పెట్టింది. లెవర్‌కూసెన్ మిడ్‌ఫీల్డర్ గ్రానిట్ జాకా వెనక్కి వచ్చి బంతి అందుకుంటే వెనకే ఒకడు వచ్చేవాడు. అడెమోలా లుక్‌మన్ మూడు గోల్స్, 3-0. ప్రాంతాన్ని కాసే ప్రెసింగ్‌లో ఎక్కడో ఒక స్వేచ్ఛా ఆటగాడు దొరుకుతాడని లెవర్‌కూసెన్ ఆట మొత్తం అల్లుకుని ఉంది. ఆ రోజు ఆ ఒక్కడు దొరకలేదు.

అంకెల ఆనంద్

అయితే అటలాంటా పద్ధతికి మూల్యం ఉంది. ఒక్క నీడ జారితే చాలు, దాన్ని సరిచేయడానికి మరొకరు తన మనిషిని వదలాలి, అలా వరుసగా పేకమేడ కూలుతుంది. ఇద్దరూ సమాన వేగం ఉన్నవాళ్లయితేనే ఈ పద్ధతి నిలుస్తుంది. అందుకే 2020 నుంచి అనుమతించి 2022లో శాశ్వతం చేసిన ఐదు సబ్‌స్టిట్యూషన్ల నిబంధన ప్రెసింగ్ జట్లకు వరమని నా నమ్మకం. 65వ నిమిషంలో ముందు వరుస మొత్తాన్ని కొత్త కాళ్లతో మార్చేయవచ్చు.

ఎడిసన్ కిరణ్

సాగర్ గారి మొదటి ప్రశ్నకు దగ్గరగా ఉన్న ఒక దృశ్యం గుర్తొచ్చింది. ఆ సీజన్‌లో పారిస్ జట్టు కిక్-ఆఫ్ తీసుకునేటప్పుడు ఒక వింత పని చేసేది. బంతిని వెనక్కి ఇచ్చి, అక్కడినుంచి కావాలని ఎదుటివాళ్ల మూల జెండా వైపు, టచ్‌లైన్ బయటికి కొట్టేసేది. బంతిని ప్రాణంగా చూసుకునే జట్టు తొలి క్షణంలోనే దాన్ని ఎదుటివాళ్లకు త్రో-ఇన్‌గా ఇచ్చేస్తుంది! తర్వాత పదిమందీ ఆ మూలకు జరిగి ఊపిరాడనివ్వరు. రగ్బీలో టచ్ కోసం తన్నడం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

సాగర్_6

అంటే వాళ్లకు బంతి ఎవరి దగ్గర ఉందన్నదానికంటే, ఎక్కడ ఉందన్నది ముఖ్యం.

గ్రౌండ్ మాస్టారు

అవును, మీరు ఒక వాక్యంలో చెప్పినదాన్ని నేను మూడు పోస్టుల్లో చెప్పలేకపోయాను.

దానికి ఒక షరతు కలపాలి: ముందు ఉన్నవాళ్లందరూ ఆ పని చేయాలి. మెస్సీ, నెయ్‌మార్, ఎంబాపె ముగ్గురూ కలిసి ఆడిన రెండు సీజన్లలో పారిస్‌కు బంతి కొరత లేదు, పోయాక వెంటాడేవాళ్ల కొరత ఉండేది. ఏడుగురు ప్రెస్ చేసి ముగ్గురు చూస్తూ నిలబడితే అది అసలు ప్రెస్ చేయకపోవడం కంటే ప్రమాదం, ఎందుకంటే ఆ ఏడుగురూ తమ చోట్లు వదిలి వచ్చి ఉంటారు. 2024లో ఎంబాపె మాడ్రిడ్‌కు వెళ్లాక కోచ్ లూయిస్ ఎన్రికే జట్టులో అందరికంటే పెద్ద పేరున్న డెంబెలేయే అందరికంటే ముందు పరిగెత్తాడు. యువకులకు ఇక వేరే ఉపన్యాసం అవసరం లేదు.

రెండో షరతు, వెనుక కాపలా ఉండేవాడు. 2024 సెప్టెంబర్‌లో మోకాలి గాయంతో మిడ్‌ఫీల్డర్ రోడ్రి దూరమయ్యాక మాంచెస్టర్ సిటీకి ఏమైందో గుర్తు చేసుకోండి. ఆ నవంబర్‌లో సొంత మైదానంలో టోటెన్‌హామ్ చేతిలో 4-0 ఓటమి, మూడు రోజులకే ఫైనూర్డ్ మీద మూడు గోల్స్ ఆధిక్యం పోగొట్టుకుని 3-3. పాస్‌లు అన్నే ఉన్నాయి, ముందు వరుస ప్రెస్ కూడా చేస్తూనే ఉంది. అది తప్పించుకుని వచ్చిన బంతిని మధ్యలో ఆపేవాడు లేడు.

వింగర్ వేణు

మాస్టారూ, మేము ఏడుగురి టర్ఫ్‌లో వారాంతాల్లో ఆడతాం. ఇదంతా మాలాంటి వాళ్లకు ఏ మాత్రమైనా పనికొస్తుందా? మేము ప్రెస్ చేయాలనుకున్న ప్రతిసారీ పది నిమిషాలకే నాలుక బయటికి వస్తోంది.

గ్రౌండ్ మాస్టారు

పనికొస్తుంది, కాని మొదలు పెట్టాల్సింది పరుగుతో కాదు. నేను పిల్లలతో ఐదుగురు బయట, ఇద్దరు లోపల ఉండే రోండో ఆడిస్తాను; బయటివాళ్లు పాస్‌లు ఇచ్చుకుంటుంటే లోపలివాళ్లు బంతి లాక్కోవాలి, పాస్ తప్పినవాడు లోపలికి వెళ్లాలి. అందరూ దాన్ని పాస్‌ల అభ్యాసం అనుకుంటారు. నేను చూసేది పాస్ తప్పిన వాడిని. మొన్న ఒక పిల్లవాడు పాస్ తప్పగానే రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని ఆకాశంవైపు చూశాడు. ఆ చూపుకు రెండు సెకన్లు పట్టింది. ఆ రెండు సెకన్లలో బంతి లాక్కున్నవాడు తల ఎత్తి, రెండు అడుగులు వేసి, గీత దాటించేశాడు. ఇప్పుడు మా దగ్గర నియమం ఏమిటంటే, పాస్ తప్పినవాడు ఐదు సెకన్లలోపు బంతిని తిరిగి ముట్టుకుంటే లోపలికి వెళ్లనక్కరలేదు. బార్సిలోనాలో గార్డియోలా కాలంలో ఐదు సెకన్ల మాట ప్రసిద్ధి కదా, దాన్నే పిల్లలకు ఆటగా మార్చాను. వారం తిరిగేసరికి నడుము మీద చేతులు మాయమయ్యాయి.

ఐదు సెకన్లలో దొరకకపోతే వెంటాడవద్దు. ఏడుగురూ తిరిగి మన సగంలోకి వచ్చి దగ్గరగా నిలబడండి. మీ నాలుక బయటికి రావడానికి కారణం మొదటి ఐదు సెకన్లు కాదు, ఆరో సెకను నుంచి ఇరవయ్యో సెకను దాకా చేసే వ్యర్థమైన పరుగు. కిందటి ఏప్రిల్‌లో ఒక టోర్నమెంట్ నిర్వాహకులు మా పిల్లల మ్యాచ్‌ను మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి పెట్టారు. ఆ ఎండలో నేను ప్రెసింగ్ పూర్తిగా మాన్పించి, గోల్‌కిక్‌ల సమయంలో మాత్రమే చేయమన్నాను. పొసెషన్‌కు నిజమైన విలువ అలాంటి రోజున తెలుస్తుంది.

ఇంకొకటి. ఎదుటివాడి బలహీనమైన కాలు ఏదో మొదటి ఐదు నిమిషాల్లో కనిపెట్టి, అటువైపు నుంచి కాకుండా బలమైన కాలివైపు నుంచి వెళ్లి మీద పడండి. అప్పుడు అతను తప్పనిసరిగా రాని కాలితో ఆడతాడు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్‌కు స్వర్ణం తెచ్చిన మన హైదరాబాద్ కోచ్ ఎస్.ఎ. రహీమ్, ఆటగాళ్లు రాని కాలితోనే ఆడేలా పోటీలు పెట్టేవారు. ఆయన కాలంలో ప్రెసింగ్ అన్న మాట ఇక్కడ వాడుకలో లేదు గాని, దాన్ని తప్పించుకునే విద్య మాత్రం అదే.

వింగర్ వేణు

ఆదివారం ప్రయత్నిస్తాం. మా గోల్‌కీపర్‌కు మాత్రం డె జెర్బీ సంగతి చెప్పను, వాడికి ఇప్పటికే బంతి మీద కాలు పెట్టి నిలబడే జబ్బు ఉంది.

సాగర్_6

నేను ఈ రాత్రి చెల్సీ మ్యాచ్ 22వ నిమిషం మళ్లీ చూస్తాను, ఈసారి బంతిని కాకుండా మెండెస్ వెనుక ఉన్న ఆ పొలాన్ని చూస్తూ. కిరణ్ గారూ, మీరు పైనుంచి తీసిన వీడియో ఏదైనా ఉంటే ఇక్కడ పెట్టగలరా?

ఎడిసన్ కిరణ్

ఒకటి ఉంది, కాని మొదటి గోల్ పడినప్పుడు నేను లేచి నిలబడడంతో సగం ముందు వరుసలోని వాళ్ల తలలే ఉన్నాయి. రెండో గోల్‌ది శుభ్రంగా ఉంది. ఇంటికి వెళ్లాక పెడతాను.